ధడా లేని తూకం

ఖమ్మం ఖిల్లా నీడన ఉంటుంది మా రేకుల బజారు. రాతి స్తంభాలు ఏ నవాబు కాలం నాటివో ఎవరికీ తెలియదు. పైన రేకులు మాత్రం మునిసిపాలిటీ వాళ్లు వేశారు, వేసిన ఏడాదికే చిల్లులు పడ్డాయి. వానాకాలం బయటికంటే లోపలే ఎక్కువ తడుస్తామని మా ఆయన బతికున్న రోజుల్లో అనేవాడు. ఎండ మాత్రం లోపలికి రాదు. అందుకే ఇల్లెందు, గుండాల అడవి ఊళ్ల నుంచి దవాఖానా పనికో కోర్టు పనికో వచ్చిన వాళ్లంతా, పని అయ్యాక బస్సు వేళ దాకా మా బజారులో దూరతారు. చింతపండు బేరం చేస్తారు, అత్తరు వాసన చూస్తారు, చివరికి ఏమీ కొనరు. వాళ్లను విసుక్కుంటే బజారు నడవదంటారు. నేను విసుక్కుంటాను. అయినా నా గాజులు అమ్ముడవుతూనే ఉన్నాయి.

నా పేరు ఫజిలత్. మా అత్త కూర్చున్న గద్దె మీదే కూర్చుని గాజులు అమ్ముతాను. నాకు ఎదురుగా బసవపున్నయ్య బెల్లం కొట్టు. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి మధిర దగ్గర పొలం కొన్నాడు. పొలం అన్నదమ్ములకు వదిలి ఈయన బెల్లం వ్యాపారంలోకి దిగాడు. మెత్తని మనిషి. ఎవరైనా ఏడిస్తే వాళ్లకంటే ముందు ఈయన ముక్కు చీదుతాడు. బజారంతా ఆయన్ను దేవుడంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మెత్తని మనిషి ఎదుటివాళ్ల ఏడుపు ఆపడానికి ఏమైనా చేసేస్తాడు, తర్వాత ఏమవుతుందో చూడడు. నేను గాజుల దాన్ని. నొప్పి పుట్టకుండా గాజు ఎక్కదు, ఆ సంగతి ముందే చెప్పి ఎక్కిస్తాను.

రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. సమ్మక్క తల్లికి మొక్కుకున్న వాళ్లు నిలువెత్తు బంగారం ఇస్తారు. బంగారమంటే బెల్లమే. మొక్కుబడికి కొనేటప్పుడు దాన్ని బెల్లం అనకూడదు. మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం పెట్టి, ముల్లు సరిగ్గా నిలిచేదాకా తూస్తారు. ఎంత తూగితే అంతా తల్లి గద్దె దగ్గరికి మోసుకుపోతారు. పున్నయ్య కొట్టులో దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తరాజు ఉంది. పిల్లలు ఊగే పళ్లెంలో కూర్చోవడానికి భయపడతారని ఆయన ఒక వెదురు బుట్ట ఉంచాడు. బుట్ట ఒక పళ్లెంలో పెట్టి, దాని బరువుకు సరిపడే రాయి రెండో పళ్లెంలో పెడతాడు. దాన్నే ధడా కట్టడం అంటారు. ధడా కట్టాక తూగేదంతా పిల్లాడి బరువే, బుట్ట బరువు అందులో కలవదు.

ఎనభై అయిదులో వానలు తగ్గాక బుల్లెమ్మ కొడుకును తీసుకుని మొదటిసారి వచ్చింది. వాళ్లది గుండాల అవతల అడవి అంచున ఊరు. పిల్లాడి పేరు సమ్మయ్య, ఏడేళ్లు ఉంటాయి. అంతకుముందు జాతర అయిన కొత్తలో విషజ్వరం వచ్చి చావు దాకా పోయాడట. బతికితే వచ్చే జాతరకు వీడి బరువు బంగారం ఇస్తానని తల్లికి మొక్కుకుంది. బతికాడు. ఇప్పుడేమో మళ్లీ నీరసం, దగ్గు. దవాఖానాలో చూపించి బజారులోకి వచ్చింది, జాతరకు ఎంత బంగారం కావాలో ముందే చూసుకుందామని.

ఆ రోజు పిల్లాడు బుట్టలో కూర్చుని ఒకటే నవ్వు. తరాజు పైకి లేచినప్పుడల్లా “అమ్మా, ఇమానం” అని అరిచాడు. పున్నయ్య మొక్కుబడి ముద్ద ముట్టకుండా వేరే దిమ్మలోంచి చిన్న ముక్క విరిచి నోట్లో పెట్టాడు.

“అక్కా, నాక్కూడా గాజులేస్తవా?” అని నన్నడిగాడు సమ్మయ్య.

“మొగపిలగానికి గాజులేందిరా? నీ పెండ్లాన్ని తోల్కరా, ఆమెకేస్త” అన్నాను. సిగ్గుపడి తల్లి కొంగు మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ రోజు పెద్ద దిమ్మ ఒకటి, చిన్న ముద్దలు నాలుగు తూగాడు. బుల్లెమ్మకు చదువు రాదు కానీ ఆ లెక్క నోటికి వచ్చేసింది. పెద్దది ఒకటి, చిన్నవి నాలుగు అని దారి పొడుగునా చెప్పుకుంటూ పోయి ఉంటుంది.

కార్తీకం వెళ్లి చలి ముదిరాక మళ్లీ వచ్చింది. పిల్లాడిని ఎత్తుకుని వచ్చింది. మందమైన స్వెట్టర్, మెడ దాకా తువ్వాలు, కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. నన్ను చూసి నవ్వాడు గానీ మాట్లాడలేదు. చలికి ముడుచుకున్నాడనుకున్నాను.

“ఒక్కసారి తూచు సేటూ” అంది. ఆ గొంతులో ఏదో తొందర. ఎందుకో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

పిల్లలను తూస్తుంటే బజారంతా మూగుతుంది. ఆ రోజూ మూగారు. తర్వాత జరిగింది నాకు సాయంత్రం తెలిసింది గానీ ఇక్కడే చెప్పేస్తాను. పున్నయ్య బుట్ట పెట్టాడు, అవతల ధడా రాయి పెట్టాడు, పిల్లాణ్ని కూర్చోబెట్టాడు. పెద్ద దిమ్మ పెట్టి చిన్నవి ఒక్కొక్కటే పెడుతుంటే మూడో ముద్దకే ముల్లు సరిగ్గా నిలిచిపోయింది. పిల్లాడు తగ్గాడు. బుల్లెమ్మ అప్పుడు వంగి పిల్లాడి తువ్వాలు సర్దుతోంది. తలెత్తి చూసిందంటే ఏడుస్తుంది, ఇంతమంది ముందు ఏడుస్తుంది. పున్నయ్య గొలుసు సర్దుతున్నట్టు చెయ్యి పెట్టి ధడా రాయి తీసి కింద గోనె మీద పడేశాడు. బుట్ట బరువంతా పిల్లాడి లెక్కలోకి వచ్చింది. పిల్లాడి పళ్లెం దిగింది. ఇంకో ముద్ద పెట్టాడు, ఇంకోటి పెట్టాడు. అప్పుడు నిలిచింది.

“పెద్దది ఒకటి, చిన్నవి అయిదు” అని పైకి చెప్పాడు. “పెరిగాడమ్మా నీ కొడుకు.”

బుల్లెమ్మ ఆ ముద్దల్ని లెక్కపెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. తర్వాత కింద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ముద్దల్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది, పున్నయ్య కాళ్లు పట్టుకోబోయింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ముసలావిడ “సమ్మక్క తల్లికీ...” అని అరిస్తే అందరూ జై అన్నారు. నేను కూడా అన్నాను.

“డాక్టర్ ఏమన్నడో ఎరికేనా సేటూ?” అంది బుల్లెమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ఈపాలి బరువు తగ్గితె నా తాన్కి రాకు, సీదా వరంగల్ పెద్ద దవాఖానాకు తోల్కపో, ఒక్క దినం గూడ ఆగొద్దన్నడు. పెరిగితె గీ మందే తాపియ్యి, నెలకు రమ్మన్నడు. నాకు కంటికి కునుకు లేదు. ఇగ వరంగల్ పోవుడు లేదు.”

“మరి దవాఖానాలనే తూపియ్యకపోయినవా?” అని నేనడిగాను.

“ఆడ మిషన్ ముల్లు ఒక్క తీరుగ ఉండదక్కా. ఊగుతనే ఉంటది, ఒకలు ఒగ తీరు చెప్తరు. గిది తల్లి బంగారం. తల్లి బంగారం అబద్ధం చెప్తదా?”

పున్నయ్య నోరు తెరిచాడు. “అమ్మా, అది...” అన్నాడు. ఆయన మొహం తెల్లబోయి ఉంది. ఎప్పటిలాగే ఏడుపు వచ్చిందేమో అనుకుని నేను లోపల నవ్వుకున్నాను. అంతలో ఎవరో గుండాల బస్సు కదులుతోందన్నారు. బుల్లెమ్మ పిల్లాణ్ని చంకనేసుకుని పరుగెత్తింది.

పొద్దుగూకి నేను గాజుల పెట్టెలు మూస్తుంటే పున్నయ్య వచ్చి నా గద్దె ముందు నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు.

“ఏడుస్తదేమోనని, ఫజిలతమ్మా. ఆ మొహం చూడలేకపోయా. వరంగల్ సంగతి నాకు తెలవదు గదా.”

చేతిలోని గాజుల దండ పెట్టెలో పడేశాను. “నీ దిమాగ్ ఖరాబైందా పున్నయ్యన్నా? ఏడిస్తె ఏడ్వనియ్యాలె. ఏడ్చినోళ్లు ఎవలన్న సచ్చిన్రా? రేపు ఫస్టు బస్సుకు పో. పోయి ఉన్నదున్నట్టు చెప్పు. జల్దీ పో, లేకపోతె నేనే పోత.”

మర్నాడు అనకాపల్లి నుంచి బెల్లం లారీ వచ్చింది, పున్నయ్య పోలేదు. నా నోటికి భయపడి ఆ మర్నాడు పోయాడు. చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

“చెప్పినవా?”

“చెప్పా.”

“ఏమన్నది?”

“తీసుకుపోతానంది, వరంగల్.”

అల్లా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ రాత్రి ఇంటికి పోతూ, ఎంతైనా మంచివాడే, తప్పు చేసినా దిద్దుకున్నాడు అనుకున్నాను. ఆయనకు రెండు రోజులు నా ఇంటి నుంచి టీ కూడా తెచ్చి ఇచ్చాను.

నెల తిరిగింది. బుల్లెమ్మ రాలేదు. వరంగల్‌లో దవాఖానాలో ఉందేమో, అక్కడే తూచుకుంటున్నారేమో అనుకున్నాను. పున్నయ్యను అడిగితే “అంతే అయ్యుంటది” అన్నాడు. ఈ మధ్య ఆయన నా వైపు చూడటం తగ్గించాడు. జాతర బేరాల మీద ఉన్నాడు లెమ్మనుకున్నాను.

జాతర దగ్గర పడింది. బజారు మొత్తం బెల్లం వాసన. ఈగలు, గోనెలు, నెత్తి మీద దిమ్మలతో ఆడవాళ్లు, తరాజు ఎక్కి కిందికి దిగని పిల్లలు. పెద్దమనుషులు కూడా తూగుతారు. ఒక లావుపాటి ఆయన ఎక్కితే గొలుసు తెగుతుందని బజారంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోనే బుల్లెమ్మ వచ్చింది. చేతిలో కొత్త తెల్లగుడ్డ మడత. వెనకా ముందూ ఎవరూ లేరు. గాజు నిలిచే చెయ్యి కాదు అది, ఎముకలే కనబడుతున్నాయి. ఆమె తరాజు వైపు పోకుండా నా గద్దె చివర కూర్చుంది.

“సమ్మయ్య ఏడి?” అన్నాను. అడిగేటప్పుడే నాకు తెలిసిపోయింది.

“పోయిండక్కా. పుష్యమాసంల పోయిండు.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒకటి అడగాలి కదా అని, “వరంగల్ దవాఖానాల ఏమన్నరు చెల్లే?” అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. “వరంగలా? వరంగల్ ఎందుకు పోతం అక్కా? సేటు తూచిండు గద, పెరిగిండని. నువ్వు గూడ చూస్తివి. ఇంకో నెల మందు తాపిస్తె మంచిగైతడనుకున్నం. ఒక్క వారంల మొత్తం పడిపోయిండు. బండి కట్టేలోపల్నే...”

పున్నయ్య ఎదురుగా బెల్లం దిమ్మ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు మా మాటలు వినబడ్డాయి. నేను లేచి నిలబడ్డాను. ఏమని తిట్టానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఉర్దూలోనే తిట్టి ఉంటాను. కొట్టు ముందు నిలబడ్డ వాళ్లంతా పక్కకు జరిగారు. పున్నయ్య దిమ్మ కింద పెట్టాడు. బుల్లెమ్మ ముందుకు వచ్చి నేల మీద కూర్చున్నాడు.

బుల్లెమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆమె తన పని మీద ఉంది. “సేటూ, నా బంగారం ఇయ్యి” అంది. “కొడుకు లేడు, తూచెటందుకు. పోయినసారి తూచినంత ఇయ్యి. పెద్దది ఒకటి, చిన్నవి అయిదు.”

“కొడుకే పోయినంక ఇంకేం మొక్కు చెల్లే?” అన్నాను ఏడుపు ఆపుకోలేక.

“అప్పుడు జరంల పోవలసినోడు గద అక్కా. తల్లి ఇంకొన్నొద్దులు నాకు ఇచ్చింది. గన్నొద్దులు వాడు నా పక్కల పన్నడు, అమ్మా అన్నడు. గది ఊకెనే తీస్కుంటనా? తల్లికి నేను ఇయ్యాలె.”

“చిన్నవి అయిదు కాదమ్మా” అన్నాడు పున్నయ్య. “మూడే.”

“అయిదు. నేను లెక్కవెట్టిన.”

“ఆ రోజు నేను ధడా రాయి తీసేశా. బుట్ట బరువు కలిసింది. నీ కొడుకు పెరగలేదు. తగ్గాడు. నువ్వు ఏడుస్తావని తీశా.” ఆయన ఆగలేదు, ఆగితే మళ్లీ చెప్పలేడని ఆయనకే తెలుసు. “మీ ఊరు కూడా వచ్చా, చెప్దామని. నువ్వు కోడిని కోశావు. పిల్లాడిని నా ఒళ్లో కూర్చోబెట్టావు. వరంగల్ కూడా ఒకసారి చూపించరాదా అన్నా. ఎందుకు సేటూ, మీరే తూచిన్రు గదా అన్నావు. ఇక నోరు రాలేదు. తిని వచ్చేశా. ఫజిలతమ్మకు చెప్పానని అబద్ధమాడా.”

ఇప్పుడు కొడుతుంది, కొట్టాలి అని నేను అనుకున్నాను. ఆమె కొట్టలేదు. ఆయన మొహంలోకి చూసింది, తెలియని మనిషిని చూసినట్టు.

“గప్పుడు పోతె బతుకుండెనా?” అంది.

ఎవరం చెప్పగలం? డాక్టర్ కూడా చెప్పలేడేమో. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. బతికేవాడేమో అనే మాట నా నోట్లోనే ఉంది. అనలేదు. పున్నయ్యను కాపాడాలని కాదు, ఆ మాటతో ఆమె ఎట్లా బతుకుతుందని. ఆ ఒక్క క్షణం నేను కూడా మెత్తని మనిషినయ్యాను. నా మీద నాకే కోపం వచ్చింది.

“నా కొడుకుది ఎంతనో గంత పెట్టు. చూస్త” అంది బుల్లెమ్మ.

పున్నయ్య లేచి పెద్ద దిమ్మ తెచ్చి తెల్లగుడ్డ మీద పెట్టాడు. దాని మీద ఒకటి, రెండు, మూడు చిన్న ముద్దలు. అక్కడితో ఆపాడు. బుల్లెమ్మ వాటి ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ చుట్టూ వేసి, పిల్లాణ్ని చంకలోకి తీసుకునేటప్పుడు చూసుకున్నట్టు చూసుకుంది.

“ఇంతేనా?” అంది. “ఇంతే ఉండెనా నా బిడ్డ? రోజు ఎత్తుకుంటి గద నేను. నా చేతులకు ఎట్ల తెల్వకపాయె?”

అప్పుడు ఏడ్చింది. బజారు రేకులు అదిరేటట్టు ఏడ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు, పున్నయ్య కూడా. ఆమె ఏడుపు అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడి ఆమె మొహం చూస్తూనే ఉన్నాడు.

ఏడుపు తగ్గాక ఆమె గుడ్డ మూటకట్టింది. నేను చెయ్యి వేసి ఆమె నెత్తికెత్తాను. ఆమె పున్నయ్య కొట్టులోకి అడుగు వేసి, గోనె మీద నుంచి ఇంకో రెండు చిన్న ముద్దలు తీసుకుంది. వాటిని పున్నయ్య చేతుల్లో పెట్టింది.

“గివి నా కొడుకు బరువు గాదు. నేను మొయ్య. నువ్వు కలిపినవు గద, నువ్వే మొయ్యి, మేడారం దాక. గద్దె ముందట నిలవడి, గివి ఎవలివో తల్లికి నువ్వే చెప్పు.”

ఇంత చెప్పి ఆమె నడిచింది. కొట్టు నిండా గిరాకీ, గల్లా తెరిచే ఉంది. పున్నయ్య చెప్పులు విడిచి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఆమె వెనకాల నడిచాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. రెండు చిన్న ముద్దలే కదా, ఒక్క చేత్తో పట్టుకుపోవచ్చు. ఆయన వాటిని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని, నిద్రపోతున్న పిల్లాణ్ని మోసుకుపోయినట్టు పోయాడు.